వాడిన పూలు ఎక్కడ తుంచాలి? గులాబీ, కనకాంబరం, చామంతి, ఇంకా కుండీల్లో ఏళ్ళ తరబడి ఉండే పూలమొక్కలు

పూలసజ్జ

అందరికీ నమస్కారం. ఊరు విజయవాడ. మిద్దె మీద 12, 14 అంగుళాల కుండీల్లో పెద్ద పువ్వు గులాబీలు, బటన్ గులాబీ, కనకాంబరం, చామంతి, నూరువరహాలు, ముద్దమందారం, శంఖుపువ్వు తీగ ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటి దాకా ఎండ పడుతుంది. వాడిన పూలు తీసేస్తే మళ్ళీ పూస్తాయని అందరూ చెప్పే మాటే. ఎంత వరకు తీయాలన్న దగ్గరే ఒక్కొక్కరిది ఒక్కో మాట. పువ్వు మాత్రం తుంచితే చాలని కొందరు, జానెడు కొమ్మ కోయాలని కొందరు. మొక్క మొక్కకీ విడిగా ఎవరైనా చెప్పగలరా?

మిద్దెతోట_గుంటూరు

పూలసజ్జ గారూ, కోసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మొక్కకి తరవాతి పువ్వు ఎక్కడి నుంచి వస్తుంది? ఆ చోటు దొరికితే దానికి కొంచెం పైన కోయాలి. ఒక్కో మొక్కకి ఆ చోటు ఒక్కో దగ్గర ఉంటుంది. అందుకే మీకు అన్ని రకాల సమాధానాలు వచ్చాయి.

వాడిన పువ్వు తీయడంలో నిజానికి రెండు పనులు కలిసి ఉన్నాయి. ఒకటి, గింజ కట్టకుండా ఆపడం. గింజ ఊరుతున్నన్నాళ్ళూ ఆకులు చేసిన చక్కెర అటే పోతుంది, ఆ కాయ నుంచి వచ్చే హార్మోన్లు కొత్త పూతని వెనక్కి నెడతాయి. రెండు, కొమ్మ కొనని తీసేయడం. కొన నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను ఆగిపోతే కణుపుల్లో ఊరికే ఉన్న కళ్ళు కదిలి చిగురు వేస్తాయి. కాయ కట్టని ముద్ద రకాలకి మొదటి పనితో అవసరం ఉండదు, రెండోది మాత్రం కావాలి.

ఇక గులాబీ. వాడిన పువ్వుని చేత్తో పట్టుకుని పై నుంచి కిందికి చూడండి. పూరెక్కల కింద గుండ్రటి పచ్చ బొడిపె ఉంటుంది, కాయ అయ్యేది అదే. దాని కింద ఆకుల్లేని మెడ. తరవాత ఒక్క రెక్కదో మూడు రెక్కలదో ఒకటి రెండు చిన్నాకులు. ఇంకా కిందికి వస్తే ఐదు రెక్కల ఆకు (ఒకే కాడకి ఐదు ఆకు ముక్కలున్నది) మొదలవుతుంది. ఆ ఆకు కాడ కొమ్మని అంటుకున్న చోట ఆవగింజంత ఎర్రటి కన్ను కనిపిస్తుంది. మొక్క నడిమి వైపు కాక బయటి వైపు చూస్తున్న కన్ను ఎంచుకోండి. దానికి 5, 6 మిల్లీమీటర్ల పైన, కన్ను వైపు ఎత్తుగా, అవతలి వైపు పల్లంగా ఏటవాలుగా కోయండి. నీళ్ళు కన్ను మీద నిలవకుండా అవతలికి జారిపోతాయి. మరీ ఆనించి కోస్తే కన్ను ఎండిపోతుంది. అంగుళం వదిలేస్తే ఆ మోడు నల్లబడి కిందికి దిగుతుంది.

మూడు రెక్కల ఆకు దగ్గరా చిగురు వస్తుంది, కాదనను. కానీ అక్కడ కొమ్మే సన్నం, వచ్చే చిగురు ఇంకా సన్నం. పెద్ద పువ్వు బరువుకి అది వంగిపోతుంది. పెన్సిల్ లావు ఉన్నచోట కోస్తే పువ్వు నిలబడుతుంది.

బటన్ గులాబీ, గుత్తి గులాబీలకి వేరే పద్ధతి. గుత్తిలో నడిమి పువ్వు ముందు వాడుతుంది. దాన్ని ఒక్కదాన్నే దాని చిన్న కాడతో సహా గిల్లండి, చుట్టూ ఉన్న మొగ్గలు విచ్చనివ్వండి. గుత్తి మొత్తం అయ్యాక గుత్తి కాడతో పాటు కింది మంచి ఆకు దాకా ఒకేసారి కోయండి. కోసిన నాటి నుంచి మళ్ళీ పువ్వుకి బటన్ రకాలకి నాలుగైదు వారాలు, పెద్ద పువ్వు రకాలకి ఆరేడు వారాలు పడుతుంది. చలిలో ఇంకాస్త ఎక్కువ.

ఎర్రమట్టి_హైదరాబాదు

గుంటూరు వారు చెప్పినదానికి ఒక షరతు కలపాలి. ఐదు రెక్కల ఆకు నియమం బలంగా ఉన్న మొక్కకే. కుండీలో పెట్టి రెండు మూడు నెలలే అయిన మొక్కకీ, మొత్తం ఇరవై ముప్పై ఆకులు కూడా లేని మొక్కకీ అది పెట్టకూడదు. ప్రతి పువ్వుకీ జానెడు కొమ్మ, నాలుగైదు ఆకులు పోతూ ఉంటే మొక్క తినే తిండి కన్నా మనం తీసేది ఎక్కువ అవుతుంది. పూత పెరగకపోగా మొక్క ఏటికేడు కురచైపోతుంది. అలాంటి మొక్కకి బొడిపె కింద, మెడ దగ్గర వేలితో విరిచేస్తే చాలు. ఆకులన్నీ ఉంచండి. కోసిన ప్రతి కొమ్మ మీదా కనీసం రెండు ఐదు రెక్కల ఆకులు మిగలాలన్నది నేను పాటించే లెక్క.

రెండో షరతు ఎండది. విజయవాడ అన్నారు కాబట్టి ముఖ్యంగా చెబుతున్నాను. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్ళేదాకా గులాబీకి కొమ్మ కోత పెట్టొద్దు, తల మాత్రమే తీయండి. పై ఆకులు పోతే పడమటి ఎండ నేరుగా కొమ్మ బెరడుకి తగిలి ఆ వైపు గోధుమరంగు మచ్చ పడి ఎండుతుంది. ఆ వేడికి వచ్చే పువ్వు కూడా చిన్నగా, రంగు వెలిసి వస్తుంది. ఎండాకాలంలో వచ్చిన మొగ్గల్ని శనగగింజంత ఉన్నప్పుడే గిల్లేస్తే మొక్క బలం నిలుస్తుంది. మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక మళ్ళీ మామూలు కోత. గట్టి కత్తిరింపు దసరా దాటాక, అక్టోబరు నడుమ పెట్టుకుంటే డిసెంబరు పూత బాగుంటుంది.

కడియం_మొక్క

నల్ల కవర్‌లో నర్సరీ నుంచి వచ్చే గులాబీల్లో చాలావరకు అంటు మొక్కలే. వాడిన పూలు కోసేటప్పుడు అంటు కట్టు కింది నుంచి ఏమైనా లేచిందేమో కూడా చూసుకోండి. అక్కడి నుంచి వచ్చేది మొదలు మొక్క (అంటు కట్టడానికి కింద వాడిన వేరే గులాబీ) కొమ్మ. నిటారుగా, తొందరగా పెరుగుతుంది, ఆకు లేతరంగులో చిన్నగా ఉంటుంది, మన రకం పువ్వు పూయదు. పైకి కత్తిరిస్తే అదే చోట మూడు లేస్తాయి. మట్టి పక్కకి తీసి పుట్టిన చోటే కిందికి లాగి పీకేయాలి. ఆకుకి ఏడు రెక్కలుంటే అది మొదలు మొక్కదేనని అనేస్తుంటారు, అది నమ్మొద్దు. మంచి రకాల్లో కూడా ఏడు రెక్కల ఆకులు వస్తాయి. కొమ్మ ఎక్కడి నుంచి లేచిందో చూడటమే అసలు గుర్తు.

పూలసజ్జ

అందరికీ ధన్యవాదాలండీ. మా ఇంట్లో గులాబీలు వాడే దాకా ఉండవు. పొద్దున్నే పూజకి పువ్వు మాత్రం కోసేస్తాం. మెడ అలాగే ఉండిపోతుంది. కొన్ని మెడలు పచ్చగానే ఉన్నాయి, కొన్ని నల్లబడి కిందికి దిగుతున్నాయి. ఇది తెగులా?

మిద్దెతోట_గుంటూరు

పూజకి కోయడం మంచిదే, గింజ కట్టే ప్రశ్నే రాదు. కానీ అక్కడితో సగం పనే అయింది. ఆకుల్లేని మెడకి కన్ను లేదు కాబట్టి అది ఎన్నాళ్ళున్నా చిగురు రాదు, ఎండడమే. పచ్చగా ఉన్నవాటిని ఇవాళే కింది మంచి ఆకు దాకా కోసేయండి. ఇక మీదట పువ్వు కోసేటప్పుడే కత్తెర చేతిలో ఉంచుకుని కాడతో సహా కోయండి. పూలబుట్టలో వేసే ముందు కాడ విరుచుకోవచ్చు.

నల్లబడినవి వేరు. అది కొమ్మ ఎండు తెగులు. కోసిన చోట బూజు దిగి కిందికి పాకుతుంది. నల్లటి భాగానికి, పచ్చటి భాగానికి నడుమ గోధుమరంగు గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ గీత కింద రెండు అంగుళాలు పచ్చ భాగంతో కలిపి కోయండి. కోసిన ముఖం చూడండి. నడిమి దూది తెల్లగా ఉంటే సరిపోయింది. గోధుమరంగు చుక్క కనిపిస్తే ఇంకో కణుపు కిందికి వెళ్ళండి. కోతకి, కోతకి నడుమ కత్తెరని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి, లేకపోతే తెగులుని మనమే అన్ని కొమ్మలకీ పంచినట్టు. కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని కొద్ది నీళ్ళతో సున్నంలా చిక్కగా కలిపి కోసిన ముఖాలకి అద్దండి. వానాకాలంలో లీటరుకి 3 గ్రాములు కలిపి మొక్కంతా ఒకసారి పిచికారీ చేస్తే మంచిది. మందు పడిన పూలు, ఆకులు గుల్కందుకీ, వంటకీ వాడొద్దు.

జడపూలు

కనకాంబరం గురించి నేను చెబుతాను. దీన్ని ఎక్కువమంది తప్పుగా కోస్తారు.

కనకాంబరం పూసేది వెన్ను మీద. వెన్నుని దగ్గరగా చూస్తే పచ్చటి పొలుసులు నాలుగు వరసలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక్కో పొలుసు చాటు నుంచి ఒక్కో పువ్వు వస్తుంది. విచ్చడం అడుగు నుంచి మొదలై పైకి వెళుతుంది. అంటే కింద పువ్వు రాలి పొలుసు ఖాళీ అయినప్పటికి పైన ఇంకా మొగ్గలు తయారవుతూనే ఉంటాయి. అడుగు గోధుమరంగుకి తిరగగానే వెన్ను కోసేస్తే రెండు వారాల పువ్వు పోగొట్టుకున్నట్టే. కొన దగ్గర పొలుసులు విడదీసి చూడండి. లోపల లేత పసుపు మొగ్గ కనిపిస్తుంటే ఆగండి. కొన కూడా ఎండి గరగరమంటుంటే అప్పుడు కోయండి.

కోయాల్సింది వెన్ను మెడ దగ్గర కాదు. వెన్ను కింద పొడవాటి ఉత్త కాడ ఉంటుంది, అది ఆకుల జత దగ్గర కొమ్మలో కలుస్తుంది. ఆ ఆకుల జతకి కాస్త పైన కోయాలి. రెండు ఆకుల పంగల్లోంచీ రెండు కొత్త వెన్నులు లేస్తాయి. కాడ వదిలేస్తే పుల్లలు పుల్లలుగా మిగిలి మొక్క చీపురులా కనిపిస్తుంది, వాటి నడుమ పిండినల్లి (తెల్లటి దూదిలా కనిపించే పురుగు) చేరుతుంది.

జడల కోసం పూలు కోసేవాళ్ళు రోజు విడిచి రోజు కోస్తారు. పువ్వుని పైకి లాగితే గొట్టంతో సహా వచ్చేస్తుంది, కానీ అడుగున అండాశయం పొలుసు లోపలే ఉండిపోతుంది. పరాగం అప్పటికే చేరి ఉంటే కాయ కడుతుంది. అందుకని పూలు కోశాం కదా అని వెన్ను వదిలేయకూడదు.

కాయలో నాలుగు దాకా గింజలుంటాయి. ఎండిన కాయకి నీటిచుక్క తగిలితే టపీమని పగిలి గింజల్ని దూరంగా విసురుతుంది. తొలకరి తరవాత పక్క కుండీల్లో కనకాంబరం మొలకలు కనపడేది అందుకే. విత్తనం కావాలంటే మంచి వెన్ను ఒకటో రెండో ఉంచి, కాయలు గోధుమరంగు తిరిగాక పల్చటి గుడ్డసంచి తొడిగి దారం కట్టండి. తరవాత వెన్ను కోసి మూతగిన్నెలో వేసి నాలుగు చుక్కల నీళ్ళు చల్లి మూత పెట్టండి. పగలడం అయ్యాక గింజలు గిన్నెలోనే ఉంటాయి.

ఒక రకానికి మాత్రం ఇదంతా వర్తించదు. ఢిల్లీ కనకాంబరం త్రయస్థితికం (క్రోమోజోములు రెండు సెట్లకి బదులు మూడు సెట్లున్నది), గింజ కట్టదు. కొమ్మలు నాటే పెంచుతారు. దానికి కాయ భయం లేదు, అయినా ఎండిన వెన్నులు తీయాల్సిందే, కొత్త వెన్ను లేచే చోటు అదే ఆకుల పంగ కాబట్టి.

మొక్క గిడసబారి, వెన్నులు కురచగా వస్తూ, ఆకులు పాలిపోతుంటే వాడిన పూలు తీసినందువల్ల బాగుపడదు. వేరు పీకి చూడండి. వేళ్ళ మీద చిన్న బుడిపెలుంటే నులిపురుగు. ఆ మట్టి తిరిగి వాడొద్దు.

పూలసజ్జ

జడపూలు గారూ, నేను అడుగు ఎండగానే కోసేస్తున్నాను, ఇక ఆపేస్తాను. చామంతి సంగతి ఎవరైనా?

కార్తీకం

చామంతికి కాలాన్ని బట్టి మూడు రకాల తుంచడాలు. వీటిని కలిపేస్తే ఏడాది పూత పోతుంది.

మొదటిది వానాకాలంలో. జూన్, జులైల్లో నాటిన పిలక అరచేయంత ఎదిగాక కొన చిగురుని రెండు ఆకులతో గోటితో గిల్లేయాలి. పక్క కొమ్మలు వస్తాయి. అవి నాలుగైదు అంగుళాలయ్యాక వాటి తలలూ ఒకసారి గిల్లాలి. ఇది వాడిన పూలు తీయడం కాదు, పూలు పట్టే కొమ్మల్ని పెంచుకోవడం. సెప్టెంబరు మొదటికల్లా ఆపేయండి. చామంతి రాత్రి పొడవు పెరిగేకొద్దీ మొగ్గకి వస్తుంది. ఆలస్యంగా గిల్లితే మనం తీసేది మొగ్గనే.

రాత్రి పొడవు అన్నాను కదా, మిద్దె మీద రాత్రంతా వెలిగే బల్బు, కుండీ మీద పడే వీధి దీపం ఉంటే మొక్క ఎంత ఏపుగా ఉన్నా మొగ్గ వేయదు. ఎరువు మార్చి లాభం లేదు, కుండీని చీకటి మూలకి జరపాలి.

రెండోది పూత కాలంలో. ప్రతి కొమ్మ చివర నడిమి పువ్వు ముందు విచ్చుతుంది, ముందు వాడుతుంది. దాన్ని మాత్రమే దాని చిన్న మెడతో, కింది పక్క మొగ్గ దాకా కోయండి. గులాబీకి కోసినట్టు జానెడు కొమ్మ కోస్తే పక్క మొగ్గలన్నీ పోతాయి. ముద్ద చామంతి వాడితే రెక్కలు గోధుమరంగు ముద్దగా అంటుకుంటాయి. మంచు పడ్డ రాత్రి ఆ ముద్దలో తేమ నిలిచి బూజు పడుతుంది, పక్క మొగ్గలకీ అంటుకుంటుంది. కాబట్టి చామంతికి గింజ కన్నా బూజు భయంతోనే తీయాలి. పొద్దున మంచు ఆరాక తీయండి, తీసినవి కుండీలో పడేయొద్దు.

మూడోది పూతంతా అయ్యాక, ఫిబ్రవరి, మార్చి నాటికి. పూసిన కొమ్మ మళ్ళీ పూయదు. మట్టికి నాలుగు నుంచి ఆరు అంగుళాల పైన మొత్తం కోసేయండి. మొదట్లోంచి పిలకలు లేస్తాయి, వచ్చే ఏటి మొక్కలు అవే. వేసవి అంతా చెట్టు నీడన లేదా గ్రీన్ నెట్ కింద పెట్టి మట్టి పూర్తిగా ఎండకుండా, నీళ్ళు నిలవకుండా చూస్తే చాలు. వాన పడ్డాక వేరుతో ఉన్న పిలకని విడదీసి కొత్త మట్టిలో నాటండి. పాత మోడునే మళ్ళీ పెంచితే పూలు చిన్నవైపోతాయి.

ఆకుపచ్చ

మిగతావి క్లుప్తంగా.

మందారం: పువ్వు ఒక్కరోజుదే, తనంతట తనే రాలుతుంది, మన దేశవాళీ రకాలు కుండీల్లో కాయ కట్టడం అరుదు. అందుకని పూలు తుంచే పని లేదు. ముద్దమందారం మాత్రం రాలకుండా ముడుచుకుని ఆకుల మీద అతుక్కుంటుంది, దాని కింద పిండినల్లి దాక్కుంటుంది, రోజూ ఏరేయండి. మందారం పూసేది కొత్త చిగురు మీదే. కాబట్టి ఏడాదికి ఒకసారి కొమ్మలో మూడో వంతు తీయాలి, అది కూడా అన్ని కొమ్మలూ ఒకేసారి కాదు. కోసిన కొమ్మ మళ్ళీ పూతకి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. సగం ఇప్పుడు, సగం తరవాత కోస్తే పూజకి పువ్వు లేని రోజు ఉండదు.

నూరువరహాలు: గుత్తిలో చివరి పువ్వు రాలాక గుత్తి కాడని, దాని కింది ఒక జత ఆకులతో కలిపి కోయండి. ఎక్కువ కోయొద్దు, నెమ్మదిగా పెరిగే మొక్క. కొత్త ఆకులు పచ్చ ఈనెలతో పసుపుగా వస్తుంటే అది ఇనుము లోపం, సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళకి వస్తుంది. కోతకి సంబంధం లేదు.

నందివర్ధనం: ముద్ద రకం పూలు ఎండి కొమ్మ మీదే ఉంటే చేత్తో దులిపేస్తే చాలు.

కాగితం పూలు: రంగు రెక్కలు పల్చబడి ఎండగానే గుత్తులున్న కొనల్ని ఆరేడు అంగుళాలు వెనక్కి కోయండి. పొడవుగా సాగిన ముళ్ళ కొమ్మలూ అప్పుడే. తరవాత ఆకు కాస్త వాలేదాకా నీళ్ళు తగ్గిస్తే పూత తొందరగా వస్తుంది.

జెర్బెరా: కత్తెర పెట్టొద్దు. కాడని మొదట్లో పట్టుకుని పక్కకి వంచి మెలితిప్పి లాగితే మొత్తం వచ్చేస్తుంది. కోసి మోడు వదిలితే అది కుళ్ళి నడిమి చిగురుకి దిగుతుంది.

మెట్టతామర: ఒక కాడ పూత అయ్యాక దాని పక్క నుంచి రెండో పూకాడ వస్తుంది, వాడిన పూలని, ముళ్ళ కాయల్ని మాత్రం తీయండి. అదీ అయ్యాక ఆ కొమ్మని నేల మట్టానికి కోసేయండి. ఒకసారి పూసిన కొమ్మ మళ్ళీ పూయదు, దుంప నుంచి కొత్తది రావాలి.

తీగపందిరి

శంఖుపువ్వు ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి చెబుతాను. పువ్వు తీయడం కాదు, కాయ తీయడం ముఖ్యం. చిక్కుడు జాతి తీగ, దాదాపు ప్రతి పువ్వూ కాయ అవుతుంది. చదునైన పచ్చ కాయ రెండంగుళాలున్నప్పుడే గోటితో తెంపేయండి. వారానికి రెండుసార్లు పందిరి చూడాలి. ఆకుల చాటున ఒక పది కాయలు ముదిరిపోయినా పూత పల్చబడుతుంది. పూలని కషాయానికి రోజూ కోసేవాళ్ళ తీగ ఎప్పుడూ పూస్తూ ఉండేది ఇందుకే. విత్తనానికి తీగ అడుగున నాలుగు కాయలు వదలండి. కాయ గోధుమరంగు తిరిగి, పగలక ముందే కోసి కాగితం కవరులో వేయండి. ఒంటి రెక్క, ముద్ద రకాలు పక్కపక్కన ఉంటే విత్తనం కలిసిపోవచ్చు, విడిగా పెట్టండి.

బిళ్ళగన్నేరు పూలు వాటంతటవే రాలతాయి. కానీ పంగల్లో జంట కాయలు సన్నటి పుల్లల్లా నిలబడి ఉంటాయి, అవి తీయండి. మొక్క కాళ్ళు సాగి అడుగు బోసిపోతే సగానికి కోయవచ్చు. కోతంటే భయపడే మొక్క కాదు.

ఎర్రమట్టి_హైదరాబాదు

బిళ్ళగన్నేరు అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. అది, గన్నేరు, పచ్చగన్నేరు, అడీనియం (ఎడారి గులాబీ) అన్నీ విషమొక్కలే. వీటి పాలు చేతికి, కంటికి తగలకుండా చేతితొడుగు వేసుకోండి. కోసిన కొమ్మలూ పూలూ మేకలు, ఆవులు తినే చోట పడేయొద్దు, గన్నేరు పుల్లలు కాల్చొద్దు, ఆ పొగా ప్రమాదమే. పచ్చగన్నేరు కాయల్ని పిల్లలున్న ఇంట్లో పచ్చిగా ఉన్నప్పుడే తీసేయాలి. అడీనియానికి కొమ్ముల్లాంటి జంట కాయలు వస్తే, విత్తనం అక్కర్లేకపోతే మొదట్లోనే తుంచండి. విత్తనం కావాలంటే రెండు చోట్ల దారం చుట్టండి, లేకపోతే పగిలిన రోజే దూదిపింజల గింజలు గాలికి పోతాయి.

మల్లెపందిరి

మల్లెని ఎవరూ అడగలేదు గానీ ఇక్కడ ఉండాలి. మొగ్గగానే కోస్తాం కాబట్టి వాడిన పూల సమస్య తక్కువ. కోయకుండా మిగిలి మొక్క మీదే ఎండిన గుత్తుల్ని, ఒక విడత పూత అయ్యాక, రెండు కణుపులు కిందికి కోస్తే మే లోపు ఇంకో విడత వస్తుంది. అసలు కోత నవంబరు ఆఖరున, డిసెంబరులో. నీళ్ళు కొద్దిరోజులు ఆపి, ఆకు దులిపి, భూమికి అడుగున్నర ఎత్తున కొమ్మలన్నీ కోసి, వెంటనే ఎరువు వేసి నీళ్ళు మొదలుపెట్టాలి. జాజికి, విరజాజికి నెల తేడా ఉంది. జాజి డిసెంబరులో, విరజాజి జనవరి ఆఖరున.

న్యూజెర్సీ_తోట

ఇక్కడ అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు కూడా చదువుతున్నారు కాబట్టి నాలుగు మాటలు. చలిదేశంలో గులాబీ కోత ఆపే తేదీ ఉంటుంది. మొదటి గడ్డమంచు పడడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు ఆపేసి కాయ కట్టనివ్వాలి. కోస్తూ పోతే వచ్చే లేత చిగురు చలికి మాడుతుంది, కొమ్మ ముదరదు.

డేలిల్లీ పువ్వు రోజుకొకటి వాడుతుంది, దాన్ని కింది పచ్చ ఉబ్బుతో సహా విరవాలి. ఉబ్బు మిగిలితే కాయే. కాడ మొత్తం అయ్యాక అడుగున కోయాలి. పియోనీకి ఎంత కోసినా ఆ ఏడు రెండో పూత రాదు, వాడిన తల తీసి ఆకులన్నీ చలిదాకా ఉంచండి, వచ్చే ఏటి మొగ్గకి తిండి అదే. పెద్దాకు హైడ్రాంజియాకి వచ్చే ఏటి మొగ్గలు వేసవి చివరే ఉన్న కొమ్మల మీద తయారవుతాయి, శరదృతువులో కత్తెర పెడితే వచ్చే ఏడు పూత లేనట్టే. ఎండిన తలలు వసంతం దాకా ఉంచండి. కోన్‌ఫ్లవర్ మొదటి విడత పూలు పక్క మొగ్గ దాకా కోసి, చివరి విడత వదిలేస్తే గింజల కోసం గోల్డ్‌ఫించ్ పిట్టలు వస్తాయి.

పూలసజ్జ

ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. ఆఖరుగా రెండు ప్రశ్నలు. ఎలాంటి కత్తెర కొనాలి? కోసిన వెంటనే ఎరువు వేయాలా?

కడియం_మొక్క

కత్తెరకి రెండు బ్లేడ్లు పక్కపక్క నుంచి జారుకుపోయే రకం తీసుకోండి. ఒక బ్లేడు పలక మీద పడి నొక్కే రకం ఎండు కొమ్మలకి పనికొస్తుంది, పచ్చి కొమ్మని మాత్రం నలిపేస్తుంది. నలిగిన చోటే ఎండు తెగులు మొదలయ్యేది. కోసేటప్పుడు పదునైన బ్లేడు మొక్కలో ఉండిపోయే భాగం వైపు ఉండాలి. చామంతి, కనకాంబరం, బటన్ గులాబీలకి దర్జీలు వాడే దారం కత్తెర చాలు. పని అయ్యాక తుడిచి ఒక చుక్క నూనె వేయండి.

మిద్దెతోట_గుంటూరు

ఎరువు: కోసిన రోజే ఘాటైన ఎరువు అక్కర్లేదు. ఆకు తగ్గిన మొక్క నీళ్ళూ తక్కువే తాగుతుంది, కాబట్టి రెండు మూడు రోజులు నీళ్ళు కూడా మట్టి చూసి పోయండి. వారం, పది రోజులకి కన్ను ఎర్రగా ఉబ్బుతుంది. అప్పుడు వేయండి. 12 అంగుళాల కుండీకి రెండు గుప్పిళ్ళ వర్మీకంపోస్టు మట్టి పై పొరలో కలపడం ఒక పద్ధతి. వేరుశనగ చెక్క 100 గ్రాములు లీటరు నీళ్ళలో మూడు నాలుగు రోజులు నానబెట్టి, వడకట్టి, పది లీటర్లు చేసి కుండీకి అర లీటరు పోయడం ఇంకోటి. చెక్క చిక్కగా పోస్తే పురుగు, వాసన, వేరు కుళ్ళు మూడూ వస్తాయి. నెలకి ఒకటి రెండుసార్లు చాలు. గులాబీకి మొగ్గ శనగగింజంత అయ్యాక నత్రజని ఎరువులు ఆపండి, లేకపోతే ఆకు ఏపుగా పెరిగి తామర పురుగు, పేనుబంక చేరతాయి.

తామర పురుగు అన్నాను కాబట్టి: వాడిన గులాబీ రెక్కల్ని తెల్లకాగితం మీద దులిపి చూడండి. సన్నటి గోధుమరంగు గీతల్లాంటి పురుగులు పరిగెడితే ఆ పూలని కంపోస్టులో వేయకుండా కవరులో మూట కట్టి పారేయండి. పురుగు లేని పూలూ ఆకులూ కంపోస్టుకి మంచివి, ఎండుటాకులు కలిపి వేయండి, ఒట్టి పూలే వేస్తే ముద్దై నీరు కారుతుంది.

పూలసజ్జ

రేపు ఆదివారం, గులాబీ మెడలతో మొదలుపెడతాను. ఒక పెద్ద గులాబీకి మాత్రం ఐదు రెక్కల ఆకు దగ్గరి కళ్ళు అన్నీ లోపలి వైపే ఉన్నాయి. బయటి వైపు కన్ను కావాలంటే అడుగు కొమ్మ పోతుంది. ఏం చేయాలి?

ఎర్రమట్టి_హైదరాబాదు

ఆ కొమ్మకి లోపలి కన్ను దగ్గరే కోయండి. బయటి కన్ను కోసం అడుగు పచ్చ కొమ్మ పారేయడం నష్టం. చిగురు నాలుగు అంగుళాలయ్యాక అది నడిమికి పోయి మిగతా కొమ్మలకి రాసుకుంటుంటే ఒక పురికొస కుండీ అంచుకి కట్టి నెమ్మదిగా బయటికి లాగండి, రెండు వారాల్లో ఆ వాలుకి అలవాటు పడుతుంది. కిందికి దించే కోత అక్టోబరులో ఎలాగూ ఉంది, బయటి కన్ను అప్పుడు ఎంచుకోవచ్చు.